ఇరవై మూడో సీసా

బల్కంపేట,
14 జులై 2024

చిన్నమ్మకు మధులత నమస్తే.

నీకు రిజిస్టర్డ్ పోస్టులో ఒక కవరు వస్తుంది. నాలుగు మూలలా లక్క ముద్రలుంటాయి. దాన్ని విప్పొద్దు. బీరువాలో పెట్టి తాళం వెయ్యి. ఇరవై తొమ్మిదేళ్ళు పదో తరగతి ప్రశ్నపత్రాల కట్టలకు కాపలా కాసినదానికి నువ్వా చెప్పేది అంటావు. చెప్పకపోతే ‘ఏదో దాస్తోంది’ అని అనుమానపడేదీ నువ్వే. అందుకే అంతా రాస్తున్నాను. ఫోనులో చెబుదామంటే మీ గురుకులంలో సిగ్నలు దొరికేది ఒక్క స్టాఫ్ రూము కిటికీ దగ్గర, అక్కడేమో పదిమంది చెవులు.

పంజాగుట్ట ల్యాబులో నేను చేసేది పురుగుల పని అని అమ్మ అందరికీ సిగ్గుపడుతూ చెబుతుంది కదా. అవి మిల్లీమీటరు పొడవుంటాయి. ఒళ్ళంతా గాజులా ఉంటుంది కాబట్టి లోపలిదంతా కనిపిస్తుంది. మూడు వారాలు బతుకుతాయి, అంటే పుట్టిన రెండో వారానికే ముసలివైపోతాయి. మా పురుగుల తలలో కొన్ని నరాల కణాలు నీలి వెలుతురు వేస్తే పచ్చగా మెరుస్తాయి. వయసులో ఉన్నప్పుడు సన్నటి దారాల్లా తిన్నగా ఉంటాయి. ముసలితనం వస్తే ఆ దారాలు ముడులుపడి తెగిపోతాయి. మనుషులకు ఇప్పటికే వాడుతున్న మందుల్లో ఏదైనా ఆ తెగడాన్ని ఆపుతుందా అని మేం వెతుకుతున్నాం. ముప్పై ఆరు మందుల సీసాలు, ఏ మందూ కలపని ఉత్త సీసాలు నాలుగు, మొత్తం నలభై. ఆ మెరిసే కణాలు ఏ జాతివో తెలుసా? బాబాయికి ఏ కణాలు అరిగిపోయి చెయ్యి వణుకుతోందని డాక్టరు చెప్పాడో, ఆ జాతివే.

అసలు సంగతి ఇది. దారాలు లెక్కపెట్టేవాళ్ళకు ఏ పురుగులు ఏ మందు తాగాయో తెలియకూడదు. తెలిస్తే కన్ను ఒకవైపు మొగ్గుతుంది. అందుకని సీసాల మీద పేర్లు తీసేసి నంబర్లు అంటించాలి, ఏ నంబరు ఏ మందో రాసిన జాబితా ల్యాబు బయట ఉండాలి. మా కమలకుమారి మేడం, “మన నలుగురిలో ఎవరు అంటించినా లాభం లేదు మధులతా. ఏంటి, మీ ఇంట్లో చదవడం రాయడం వచ్చి, ఈ మందుల గొడవ పట్టనివాళ్ళు ఎవరూ లేరా?” అని అడిగారు. మీ ఇంట్లోనే ఉంటున్నాను కదా, నాకు వెంటనే బాబాయి తట్టాడు.

నిన్న శనివారం తీసుకెళ్ళాను. మెట్రోలో ఒక్క స్టేషనేగా. “అంకెలు రాసుడే గదా బిడ్డా. ఫ్లెక్సీలు రాక ముందు మైత్రీవనం సందులల్ల సగం కోచింగ్ బోర్డులు నావే,” అన్నాడు. పక్క గదిలో ఒక్కడే తలుపేసుకుని, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, నలభై అంకెలు రాసి అంటించాడు. జాబితా రాసి, లక్క వేసి, తనే పోస్టాఫీసుకు పోయి పంపాడు. నేను ఆ కవరును వేలితో కూడా తాకలేదు.

లెక్కలన్నీ అయ్యాక అడుగుతాను, అప్పుడు విప్పాలి.

నీ నమ్మకస్థురాలు,
మధు


ఆసిఫాబాద్ దగ్గర గురుకులం,
22 జులై 2024

మధూ,

కవరు చేరింది. ఒక ముద్ర అంచు చిట్లి ఉంది. చిట్లిన సంగతి పోస్టుమాన్ చేత రసీదు మీద రాయించి సంతకం పెట్టించుకున్నాను. అతను నన్ను వింతగా చూశాడు. చూస్తే చూడనీ.

నీ ఉత్తరం రెండు పేజీలు. పురుగుల ఆరోగ్యం గురించి ఒకటిన్నర పేజీ, మీ బాబాయి గురించి ఒక్క ముక్క. ఆ ఒక్క ముక్కలోనూ ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడని ఉంది. జూన్‌లో నేను బయల్దేరేటప్పుడు అట్లా పట్టుకోలేదు. అంటే ఎక్కువైందా? నన్ను కంగారుపెట్టొద్దని మీరిద్దరూ మాట అనుకున్నారా? పరీక్ష హాల్లో పిల్లలు ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చుంటేనే నాకు అనుమానం వచ్చేది. మీ ఉత్తరం అట్లా ఉంది.

మార్చి నెలాఖరుకు నా సర్వీసు అయిపోతుంది. నేను ఇంటికొచ్చేసరికి ఆ మనిషి తన అన్నం తను కలుపుకుంటాడా లేదా, నాకు కావలసిన లెక్క ఆ ఒక్కటే. నీ నలభై సీసాల లెక్క తరవాత.

ఇంకో మాట. నలుగురున్న ల్యాబులో ఒక్కరూ పనికిరారని మీ మేడం ఎందుకన్నట్టు? రేపు ఏదైనా తేడా వస్తే బయటి మనిషి మీదికి నెట్టడానికా? ఆలోచించు.

ఇక్కడ వాన పట్టుకుంది. పిల్లల బట్టలు ఆరక వరండా అంతా తాళ్ళే.

చిన్నమ్మ సుకన్య


బల్కంపేట,
4 ఆగస్టు 2024

చిన్నమ్మా,

మేడం అట్లాంటి మనిషి కాదు. నలుగురం లెక్కలోనో వండటంలోనో చెయ్యి పెడతాం కాబట్టి మేం పనికిరాం, అంతే. పురుగులకు తిండి మేమే వండుతాం మరి.

మొదటి లెక్క అయిపోయింది. ఒక్కో సీసాకు అరవై పురుగులు. దారం తెగకుండా ఉన్నవెన్నో నేనూ, ప్రమోద్ అని రాజమండ్రి అతనూ విడివిడిగా లెక్కపెడతాం. ఉత్త సీసాల్లో అరవైకి నలభై దాకా వస్తున్నాయి. చాలా మందులు అక్కడక్కడే ఉన్నాయి. కానీ ఇరవై మూడో సీసా ఉంది చూశావూ, అందులో నలభై ఎనిమిది! ఆ రోజు ఇంటికి ఎట్లా వచ్చానో నాకే తెలియదు, మెట్రోలో నిలబడి నవ్వుకుంటూ వచ్చాను. అన్నం దగ్గర బాబాయికి చెబితే ఆయన మొహం వెలిగిపోయింది. “ఇరవై మూడా? మల్లొకపారి చెప్పు,” అన్నాడు. ఆయన సంతోషం చూసి నాకు ఇంకా సంతోషమైంది.

చెయ్యి గురించి అడిగావు. కొంచెం ఎక్కువైన మాట నిజం. చాయ్ గ్లాసు సగమే పోస్తున్నాను. నీకు రాయొద్దని ఆయనే ఒట్టు పెట్టించుకున్నాడు. ఇప్పుడు రాశాను కాబట్టి నాకు పాపం, నీకు శాంతి.

ఎల్లమ్మ గుడి సందడి తగ్గింది. ఇన్ని రోజులూ మన సందులోంచి బండి బయటికి తీయలేకపోయాం.

నీ మధు


గురుకులం,
12 ఆగస్టు 2024

మధూ,

శాంతి అని ఎట్లా రాశావు? ఆ ఉత్తరం చదివాక రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

సరే, రాసినందుకు మెచ్చుకుంటున్నాను. కానీ ఆ ఇరవై మూడు సంగతి నాకు నచ్చలేదు. పురుగుకు మంచిదైతే మనిషికి మంచిదని ఎవరన్నారు? మీ మేడం కూడా అనదు. అన్నం దగ్గర ఆ మాటలెందుకు? ఆశ పెట్టడం తేలిక మధూ, తర్వాత దాన్ని దించేది ఎవరు?

నువ్వు చిన్నప్పుడు మా కుక్కపిల్లకు జ్వరమొస్తే నీ మాత్రలో సగం విరిచి పాలల్లో కలిపావు. నాకు గుర్తుంది, నీకు గుర్తుందో లేదో. అది గుర్తొచ్చి రాస్తున్నాను, తప్పుగా అనుకోకు. ఆ ల్యాబు నుంచి ఏదీ ఇంటికి రాకూడదు.

సుకన్య


బల్కంపేట,
22 ఆగస్టు 2024

చిన్నమ్మా,

కుక్కపిల్లకు మాత్ర ఇచ్చినప్పుడు నాకు ఏడేళ్ళు. అదీ బతికింది కదా!

శుభవార్త. మొన్న బాబాయి నిండు గ్లాసు చాయ్ చుక్క ఒలక్కుండా తాగాడు. నిన్న పెరటి గోడ మీద సుద్దముక్కతో ‘శ్రీ ఎల్లమ్మ తల్లి’ అని నాలుగంగుళాల అక్షరాలు రాశాడు. ల్లమ్మ దగ్గర మాత్రమే గీత వంకరపోయింది. పొద్దున్నే ఒక్కడే అమీర్‌పేట దాకా నడిచొస్తున్నాడు. వద్దంటే వినడు. <s>పొద్దున్నే బాబాయికి ఒకటి ఇస్తున్నాను, నీకు చెప్పొద్దన్నాడు గానీ</s> ఈ కొట్టివేత పట్టించుకోకు, పెన్ను జారింది.

ఇరవై మూడు రెండో లెక్కలోనూ గెలిచింది. నాకు యాభై రెండు వచ్చాయి. కానీ ప్రమోద్‌కు నలభై ఒకటే వచ్చాయట. అవే పురుగులు, అదే మైక్రోస్కోపు! మిగతా ముప్పై తొమ్మిది సీసాల్లో మా ఇద్దరికీ ఒకటి రెండు తేడా అంతే. ఈ ఒక్క సీసా దగ్గరే అతని కన్ను ఎందుకు తిరగబడింది? పేరు నాకు రావడం ఇష్టం లేదా? నువ్వే అన్నావుగా, మొహాలు చూసుకోనివాళ్ళను అనుమానించాలని. ఆ లెక్క చెప్పేటప్పుడు ప్రమోద్ నా మొహం చూడలేదు.

నీ పాత కళ్ళద్దాలు పెట్టెతో సహా పార్సిల్ చేశాం. బాబాయే చుట్టాడు.

మధు


బల్కంపేట,
29 ఆగస్టు 2024

చిన్నమ్మా,

తొందరలో రాస్తున్నాను. ప్రమోద్ ఈ రోజు మేడంతో, “జాబితా మధులత గారి ఇంట్లోవాళ్ళే రాశారట కదండీ, ఆ సంగతి ఒకసారి చూసుకోండి,” అన్నాడు. నా చెవిన పడాలనే అన్నాడు. కవరు నా దగ్గర లేదనీ, ఆసిఫాబాద్‌లో నీ బీరువాలో ఉందనీ మొహం మీద చెప్పి వచ్చాను. ఒక్క మాట రాసి పంపు, ముద్రలన్నీ ఉన్నాయని. ఆ కాగితం అతని ముందు పెడతాను.

మధు


గురుకులం,
30 ఆగస్టు 2024

మధులతకు,

చిరంజీవి అని రాయబోయి ఆగాను. ఆశీర్వాదం కూడా మనసు ఒప్పుకుని ఇవ్వాలి కదా.

నీ ఇరవై రెండో తారీఖు ఉత్తరంలో కొట్టేసిన వాక్యాన్ని కిటికీ అద్దానికి ఆనించి చదివాను. పెన్ను జారితే వాక్యం మొత్తం జారదు. ‘పొద్దున్నే బాబాయికి ఒకటి ఇస్తున్నాను, నీకు చెప్పొద్దన్నాడు.’ ఏమిటది? అప్పటికీ మనసును సర్దుకున్నాను. తరవాత పార్సిల్ వచ్చింది. కళ్ళద్దాల పెట్టెకు చుట్టిన కాగితం మందుల దుకాణం వాళ్ళు మాత్రలు వేసిచ్చే సంచి. దాని మూల మాత్రల పట్టీ ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. మందు పేరులో సగం అక్షరాలు కనిపిస్తున్నాయి. ఆయన వాడే మందులన్నీ నాకు నోటికి వచ్చు. అది వాటిలో లేదు.

ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్క ముద్ర కూడా టైముకు ముందు విప్పలేదు. నిన్న నీ కవరు విప్పాను. దొంగతనంగా ఆవిరి పట్టలేదు, కత్తెరతో కోశాను. ఇరవై మూడు ఎదురుగా ఆయన చేతిరాతలో ఆ పేరే ఉంది. బీపీకి వాడే పాత మాత్ర. ఆయనకు బీపీ ఎప్పుడూ లేదు.

నీ లెక్క సరిచూసుకోవడానికి నా భర్త దొరికాడా? అరవై పురుగులు చాల్లేదా నీకు? నిండు గ్లాసు చాయ్, గోడ మీద రాతలు అన్నీ నాకు రాశావు, మందు సంగతి మాత్రం కొట్టేశావు. నీ మీద పెట్టుకున్న నమ్మకంతో ఆయన్ను నీకు వదిలి ఇంత దూరంలో ఉన్నాను. నేనిప్పుడు ఎవరిని నమ్మాలి?

సుకన్య


బల్కంపేట,
9 సెప్టెంబరు 2024

చిన్నమ్మా,

గుడ్డు. పొద్దున్నే బాబాయికి నేను ఇస్తున్నది ఒక ఉడకబెట్టిన కోడిగుడ్డు. శ్రావణమాసంలో ముట్టనని నీకు మాటిచ్చాడు కాబట్టి చెప్పొద్దన్నాడు. బక్కగా అవుతున్నాడని నేనే బలవంతం చేశాను. కిటికీ అద్దానికి ఆనించి నువ్వు పట్టుకున్న నేరం అది.

ఇది రాసి నీ మీద గెలిచానని సంబరపడదామనుకున్నాను. ఆ భాగ్యం లేదు. మిగతాదంతా నువ్వు అన్నదే నిజం, ఇచ్చింది మాత్రం నేను కాదు.

శనివారం పొద్దున బాబాయి ఎర్రగడ్డ రైతు బజార్‌లో పడిపోయాడు. భయపడకు, ఇప్పుడు బాగున్నాడు, మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. దుర్గాంబ అని కూరగాయలమ్మే ఆమె మొహం మీద నీళ్ళు చల్లి, ఆటోలో కూర్చోబెట్టి, ఇంటి దాకా వచ్చి దింపింది. “నిలవడ్డోడు నిలవడ్డట్టే కూలవడ్డడమ్మా, టమాటల మీన. ఆ టమాటలు మెత్తగున్నయి గనుక బతికిండు,” అంది. డాక్టరు చూసి బీపీ బాగా పడిపోయిందన్నాడు. ఏం మాత్రలు వాడుతున్నావని మూడుసార్లు అడిగాడు. బాబాయి గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

ఈ రోజు నీ ఉత్తరం వచ్చింది. చదివి ఏడ్చి, అదే కోపంలో ఆయన ముందు నిలబడి పైనుంచి కిందిదాకా చదివి వినిపించాను. ‘నా భర్త దొరికాడా’ అన్న దగ్గర లేచి లోపలికి పోయాడు. కుంచెలు పెట్టుకునే పాత డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. కుంచెల కింద మూడు పట్టీలు ఉన్నాయి, ఒకటి సగం ఖాళీ.

“నువ్వు అన్నం కాడ ఇరవై మూడు, ఇరవై మూడు అని ఒక్కతీరుగ అనవడితివి. గా అంకె రాసింది నేనే, అంటవెట్టింది నేనే. నాకు యాదుండదా బిడ్డా? మందుల దుకాణమాయన బోర్డు సుత నేను రాసిందే, చీటీ లేకుండనే ఇచ్చిండు. మీ చిన్నమ్మ వచ్చేటాల్లకు చెయ్యి జర నిమ్మలమైతదనుకున్న. ఆమెకు కొట్టొద్దని చెప్పు, తిట్టుమను.”

ఆ మాటకు నేను నవ్వాను, ఆయన నవ్వలేదు.

మందుల గొడవ పట్టనివాళ్ళు కావాలని మేడం అడిగితే, మందు కోసం లోపల్లోపల అల్లాడిపోతున్న మనిషిని తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. ఒకే ఇంట్లో ఉండి నాకు ఆ మాత్రం కనిపించలేదు. మేడంకు అంతా చెప్పాను. తల పట్టుకున్నారు. “ఏంటి మధులతా ఇది! తాళంచెవి ఆయన చేతికే ఇచ్చామా? నేనైనా ఒక మాట అడగాల్సింది,” అన్నారు. రెండు నెలల లెక్కలన్నీ కొట్టేశారు. నలభై సీసాలూ మళ్ళీ మొదటి నుంచి.

నువ్వు కవరు కోసినందుకు నాకు కోపం ఉంది. నువ్వు కొయ్యకపోతే ఆయన ఇంకో పట్టీ మింగి మెట్రో మెట్ల మీద పడేవాడు, అది కూడా తెలుసు. ఎవరి మీద కోప్పడాలో తెలియక గిన్నెలన్నీ తోమి పెట్టాను.

మధులత


గురుకులం,
14 సెప్టెంబరు 2024

మధూ,

మంగళవారం పొద్దున బస్సుకు వస్తున్నాను. మూడు రోజుల సెలవు దొరికింది. మీ మేడంను అడిగి ఉంచు, ఈసారి సీసాలకు నంబర్లు నేను అంటిస్తాను. జాబితా నా దగ్గర ఉంటుంది, మీ బాబాయి కూడా నా దగ్గరే ఉంటాడు. ఆయన సామాను సర్దు. కుంచెల డబ్బా మర్చిపోకు, ఖాళీ చేసి పెట్టు.

గుడ్డు విషయంలో తప్పు నాది. మిగతా విషయంలో కూడా నిన్ను అనకూడని మాటలన్నాను. ఉత్తరంలో అన్నాను కాబట్టి క్షమించమని కూడా ఉత్తరంలోనే అడుగుతున్నాను. ఎదురుపడితే నా నోరు రాదు, నీకు తెలుసు.

చిన్నమ్మ


బల్కంపేట,
3 నవంబరు 2024

చిన్నమ్మా, బాబాయికి కూడా నమస్తేలు.

ఇంట్లో ఒక్కదాన్నే ఉంటే చాయ్ గ్లాసు నిండా పోసుకోవాలన్నా గుర్తురావడం లేదు, సగమే పోస్తున్నాను.

రెండో విడత అయిపోయింది. లెక్కల కాగితం దీంతో జతచేశాను. ఎడమవైపు నావి, కుడివైపు ప్రమోద్‌వి. ఈసారి ఒక్క సీసా దగ్గర కూడా మా ఇద్దరికీ మూడుకు మించి తేడా లేదు. జాబితా నీ చేతిరాత, నీకు కవరు విప్పే పని కూడా లేదు. నువ్వు కాగితం చూడగానే నీకు తెలిసిపోతుంది, మాకే తెలియదు. ఏ సీసా ఏదో అన్నీ చెప్పొద్దని మేడం అన్నారు, మూడో విడత చెయ్యాలట. ఒక్కటి మాత్రం చెప్పమన్నారు, ఆ బీపీ మందు ఈసారి ఎక్కడుందో.

చెప్పేముందు నా మాట ఒకటి వినాలి. పాత నోటుబుక్కులు తీసి కూర్చున్నాను. ప్రమోద్ తప్పు ఎక్కడ చేశాడో పట్టుకుందామనే తీశాను, నిజం చెబుతున్నాను. దారం తెగిందా లేదా అన్నది చాలా పురుగుల్లో కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. కొన్నిట్లో మాత్రం సగం తెగి, సగం అతుక్కుని ఉంటుంది. అట్లాంటివాటి పక్కన మేం చుక్క పెట్టుకుంటాం. మిగతా సీసాల్లో చుక్క పెట్టినవాటిలో సగం తెగినవాటిలో వేశాను, సగం బాగున్నవాటిలో వేశాను. ఇరవై మూడులో చుక్క పెట్టినవి పదకొండు. పదకొండూ బాగున్నవాటిలో వేశాను.

అప్పటికి అందులో ఏ మందుందో నాకు తెలియదు చిన్నమ్మా. కవరు నీ బీరువాలో ఉండేది, నేను ఏమీ చూడలేదు. కానీ రోజూ అన్నం దగ్గర నేను నంబర్లు చెప్పేదాన్ని. పదకొండు అంటే ఆయన పప్పు కలుపుకునేవాడు. ముప్పై రెండు అంటే మంచినీళ్ళు తాగేవాడు. ఇరవై మూడు అంటే ముద్ద ఆపి నా వైపు చూసేవాడు. ఆ మొహం మళ్ళీ చూడాలని మర్నాడు మైక్రోస్కోపు దగ్గర నా కన్ను మొగ్గింది. మొదటి రోజు నలభై ఎనిమిది ఎట్లా వచ్చాయో నాకు తెలియదు, అప్పుడప్పుడు అట్లా వస్తుంటాయి. ఆ తర్వాతి యాభై రెండు మాత్రం నేను ఆయన మొహం చూసి పెట్టిన లెక్క.

ప్రమోద్‌ను కిందికి తీసుకెళ్ళి చాయ్ ఇప్పించి చెప్పాను. “పర్లేదండి. నేనూ మిమ్మల్ని అనుమానించాను. మీకు ముందే తెలుసేమో, నాటకమాడుతున్నారేమో అనుకున్నాను. రెండు నెలలు మీ మొహం చూసి మాట్లాడలేకపోయాను,” అన్నాడు. నేను అతను దొంగ అనుకుంటే, అతను నేను దొంగ అనుకున్నాడు.

బాబాయికి ఎట్లా చెబుతావో నాకు తెలియడం లేదు. నాకైతే చేతకాదు.

మధు


గురుకులం,
12 నవంబరు 2024

చిరంజీవి మధుకు,

నీ కాగితం శుక్రవారం చేరింది. ఆ మందు ఈసారి ఎనిమిదో సీసాలో ఉంది. నీకు ముప్పై తొమ్మిది, ప్రమోద్‌కు నలభై. ఉత్త సీసాలకూ అంతే వచ్చాయి. అంటే దాంట్లో ఏమీ లేదు.

ఇంకో సీసా కొంచెం పైన కనిపిస్తోంది. దాని నంబరు నీకు కాగితంలో కనిపిస్తూనే ఉంటుంది, పేరు మాత్రం అడగకు. మీ బాబాయికి ఆ సంగతి కూడా చెప్పలేదు. ఈ రెండు నెలలూ ఆయన రోజుకు ఒకసారైనా, “గది ఎన్నో నంబర్ల పెట్టినవ్?” అని అడిగాడు. ప్రశ్నపత్రం నా చేతిలో ఉండగా పిల్లలు నా మొహంలో జవాబు వెతికేవాళ్ళు. అప్పుడు రాయిలా నిలబడటం నేర్చుకున్నాను. అదే ఆయన దగ్గర పనికొచ్చింది. కానీ నా మొగుడి దగ్గర రాయిలా ఉండాల్సి వచ్చినందుకు ఏడుపొచ్చింది, నీకు చెప్పడానికి సిగ్గేమిటి.

ఆదివారం పొద్దున వరండాలో ఎండకు కూర్చుని ఇద్దరం చిక్కుడుకాయలు ఒలుస్తుంటే చెప్పాను. దాచకుండా అంతా చెప్పాను. నీ పదకొండు చుక్కల సంగతి కూడా చదివి వినిపించాను. చేతిలో ఉన్న కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేశాడు. తర్వాత, “పిల్ల నా మొఖం జూసి లెక్కవెట్టిందా?” అన్నాడు. అవునన్నాను.

“మరి నా చెయ్యి గన్ని దినాలు నిమ్మలంగ ఎట్లున్నది? నిండు గ్లాసు చాయ్ తాగితి గదా. గోడ మీన రాస్తి గదా.”

“నమ్మినవు గనుక,” అన్నాను.

“గట్లయితే మల్ల నమ్ముత. నడువదా?”

చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టాను మధూ. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నా చేతిలో కూడా అది వణుకుతూనే ఉంది. నీ మీద అనుమానపడిన రోజుల్లో నేను నిజంగా భయపడింది దీనికేనని అప్పుడు అర్థమైంది. నువ్వు మందు ఇస్తున్నావని కోపం తెచ్చుకున్నాను గానీ, ఆ మందు పనిచేస్తోందని లోపల నేను కూడా ఆశపడ్డాను. కవరు కోసింది పేరు తెలుసుకోవాలని కూడా, తప్పు పట్టుకోవాలని మాత్రమే కాదు. ఈ మాట ఇంకెవరికీ చెప్పకు.

సాయంత్రం ఆయనే కుంచెల డబ్బా తెరిచాడు. మూడో విడతకు నంబర్లు కావాలి కదా, తను రాస్తానన్నాడు. “నేను అంకెలు రాస్త. నువ్వు నీకు నచ్చిన సీసకు అంటవెట్టు. నాకు చెప్పకు. నేను నిన్ను అడగ,” అన్నాడు. రెండు రోజులు కూర్చుని రాశాడు. అన్నం ఇప్పటికీ తనే కలుపుకుంటున్నాడు, సగం కంచం బయట పడుతుంది, అయినా తనే కలుపుకుంటున్నాడు. జులైలో అడిగిన నా లెక్కకు ఇవాళ్టి జవాబు అది. మార్చిలో ఏమవుతుందో తెలియదు.

వచ్చే శనివారం నేను పంజాగుట్ట వచ్చి అంటించి పోతాను. మీ మేడంకు చెప్పు. అక్షరాల మనిషి రాసిన అంకెలు వంకరగా ఉన్నాయని ప్రమోద్ నవ్వితే ఊరుకోకు.

ఇరవై మూడు రెండుసార్లు రాయాల్సి వచ్చింది. మొదటిది చెయ్యి జారి పాడైంది, పారేయబోతుంటే తీసుకుని నా కళ్ళద్దాల పెట్టెలో దాచుకున్నాను. ఆయనకు తెలియదు.

నీ చిన్నమ్మ,
సుకన్య